గోడవైపు తిరిగిన క్యాలెండరు

నోవై, మిషిగన్
డిసెంబరు 12, 2010

పెద్దక్కకు,

నీకూ బావగారికీ మా నలుగురి వందనాలు. ఫోన్‌లో చెప్పొచ్చు కదా, ఈ రోజుల్లో ఉత్తరాలేమిటని ఫెబీ నవ్వుతోంది. అక్కకి ఫోన్ చేస్తే "అందరూ బాగున్నారా, ప్రార్థన చేసుకుంటున్నారా" అని రెండు ముక్కల్లో పెట్టేస్తుంది, ఉత్తరం రాస్తే కనీసం మూడో ముక్క వస్తుంది అన్నాను. కోపం తెచ్చుకోకు.

వెర్నెక్‌లో చేరి మొన్నటికి ఏడాది పూర్తయింది. అంతకు ముందు ఎనిమిది నెలలు ఉద్యోగం లేకుండా ఎలా గడిపామో నీకు తెలుసు. అందుకే థాంక్స్‌గివింగ్ ఆదివారం మన తెలుగు చర్చిలో లేచి, దేవుడు చేసిన మేలు గురించి సాక్ష్యం చెప్పాను. జర్మనీలో ఒక కమ్మరి కొడుకు రేకుల షెడ్డులో, రోజూ ఉదయం పనివాళ్ళతో కలిసి ప్రార్థన చేసుకుని మొదలుపెట్టిన కంపెనీ ఇది, నూరేళ్ళలో ఒక్క మచ్చ లేదు, అలాంటి చోట దేవుడు నన్ను పెట్టాడు అన్నాను. కొందరు కళ్ళు తుడుచుకున్నారు. పాస్టర్‌గారు మరుసటి వారం ప్రసంగంలో కూడా వాడుకున్నారు. రెండు కుటుంబాల వాళ్ళు వెర్నెక్ కార్లే కొన్నారు. పార్కింగ్ లాట్‌లో మంచు కురుస్తుండగా పాస్టర్‌గారు బానెట్ మీద చెయ్యి వేసి ప్రార్థన చేశారు. చెయ్యి మాత్రం త్వరగా తీసేశారు, చలికి.

వచ్చే ఏడు కంపెనీకి వందేళ్ళు. సెప్టెంబరులో మా ఆఫీస్‌లో ఫంక్షన్. బ్రేక్ టెస్టింగ్ టీమ్ తరఫున ఐదు నిమిషాలు మాట్లాడమని నన్ను సెలెక్ట్ చేశారు. కంపెనీ చరిత్ర ఫోటోలతో వేసిన క్యాలెండర్లు నాలుగు పంపుతున్నాను. సాక్ష్యం సీడీ కూడా ఉంది. విని ఎలా ఉందో రాయి.

నీ తమ్ముడు
మోజెస్


బెంటన్‌విల్, ఆర్కన్సా
జనవరి 9, 2011

మోజెస్‌కు,

కృపలో క్షేమం. పెట్టె అందింది.

సీడీ విన్నాం. నీ గొంతు నాన్నగారి గొంతులా ఉందని బావగారు అన్నారు. నాకూ అలాగే అనిపించింది.

క్యాలెండరు ఒకటి వంటింట్లో, ఒకటి సండే స్కూల్ గదిలో కట్టాను. ఇంకొకటి నేను పనిచేసే వృద్ధుల నర్సింగ్ హోమ్‌లో ఒక పెద్దావిడ గదిలో పెట్టాను. ఆమె గోడ ఖాళీగా ఉండేది. నాలుగోది ఉంచాను.

ఏప్రిల్ పేజీలో 1938 అని ఉంది. మే పేజీలో 1949. మధ్యలో ఏమైంది?

ఫెబీకి, పిల్లలకు ఆశీస్సులు.

విమలక్క


నోవై
జనవరి 23, 2011

అక్కా,

అంత సీడీ వింటే, అన్ని ఫోటోలు చూస్తే, నీకు కనబడింది ఆ పదకొండేళ్ళా? నాన్నగారు మన ప్రోగ్రెస్ కార్డు చూసేటప్పుడు కూడా నువ్వు పక్కన నిలబడి తగ్గిన మార్కులే చూపించేదానివి.

అది యుద్ధం టైమ్. కార్లు తయారుచేసి ఉండరు. ఫోటోలు ఉండవు. అంతే.

ఇక్కడ పది అంగుళాల మంచు. డ్రైవ్‌వే నేనూ పెద్దవాడూ కలిసి తోస్తున్నాం. నాలుగో క్యాలెండరు మీ పాస్టర్‌గారికి ఇవ్వు.

మోజెస్


బెంటన్‌విల్
ఫిబ్రవరి 13, 2011

మోజెస్,

పోయిన ఉత్తరంలో ఒక సంగతి రాయలేదు. నీ సంతోషం పాడవుతుందని ఆగాను. ఆగడం తప్పనిపించింది. ఆమెనూ ఆమె కొడుకునూ అడిగి, వాళ్ళు సరేనన్నాకే రాస్తున్నాను.

ఆ పెద్దావిడ పేరు హన్నా. ఎనభై ఐదేళ్ళు. పుట్టింది ఉక్రెయిన్‌లో. నేను ఆమెను అడగకుండానే క్యాలెండరు కట్టాను. మన ఇళ్ళలో ఎవరైనా అడిగి కడతారా? జనవరి పేజీలో గడియారం ఉన్న ఫ్యాక్టరీ గేటు ఉంది కదా. మర్నాడు ఆమె ఉదయం టిఫిన్ ముట్టలేదు. మూడు రోజులు అంతే. నాలుగో రోజు కొడుకు వచ్చాడు.

"ఇది ఎవరు పెట్టారు?" అన్నాడు.

"నేనే" అన్నాను.

"మా అమ్మ రెండేళ్ళు రోజూ ఈ గేటులోంచి నడిచింది. తన ఇష్టంతో కాదు" అన్నాడు.

పదహారేళ్ళప్పుడు ఊళ్ళోంచి పట్టుకుని రైలు ఎక్కించారట. మీ కంపెనీలో సైన్యం ట్రక్కులకు రేకులు వత్తే యంత్రం దగ్గర పెట్టారు. ఆ పదకొండేళ్ళలో కొన్ని అవి.

నేను క్షమించమని అడిగి, తీసేయబోయాను. ఆమె చెయ్యి పట్టుకుంది.

"తీయకు. తిప్పు."

"తీసేస్తే మేలు కదా అమ్మా?"

"వద్దు. ఒలెనా అక్కడే ఉండిపోయింది."

గోడవైపు తిప్పాను. ఇప్పుడు తెల్లటి అట్ట కనిపిస్తుంది.

ఒలెనా ఆమె పక్క మంచం పిల్ల. 1944లో ఒకరోజు హన్నాకు జ్వరం. పనికి రాకపోతే రొట్టె ఆపేస్తారు. ఒలెనా తన పని ముగించుకుని వచ్చి కూడా, హన్నా బదులు ఆ యంత్రం దగ్గరకు వెళ్ళింది. ఆ మధ్యాహ్నం బాంబులు పడ్డాయి. ఆ షెడ్డు కప్పు కూలింది. మరునాడే హన్నాను వేరే ఊరికి తరలించారు. ఒలెనా ఏమైందో ఎవరూ చెప్పలేదు. నా చోట నిలబడి చనిపోయింది అనుకుంటూ ఈమె అరవై ఆరేళ్ళు బతికింది.

మీ కంపెనీలో పాత రికార్డులు ఉంటాయేమో. నువ్వు అడగగలవా? ఒలెనా ఇంటిపేరు, ఊరు వేరే కాగితం మీద రాసి పెట్టాను.

విమలక్క


నోవై
మార్చి 6, 2011

అక్కా,

చదివి రెండు వారాలు ఊరుకున్నాను.

ఆవిడ పడిన కష్టానికి బాధగా ఉంది. కానీ ఒకటి చెప్పనా. అప్పట్లో జర్మనీలో ఏ ఫ్యాక్టరీ చూసినా ఇదే కథ. ఇప్పుడున్నవాళ్ళు అప్పటికి పుట్టలేదు. మా మేనేజర్ డేవ్ మిషిగన్‌లో పుట్టినవాడు. నేను నరసాపురం వాడిని. మా ఇద్దరికీ దీంతో ఏం సంబంధం?

ఈ సంగతి మన చర్చి వాళ్ళ దగ్గర అనకు. సాక్ష్యం చెప్పి నాలుగు నెలలు కాలేదు. "ఒక్క మచ్చ లేదు" అని మైకులో అన్నవాడిని నేనే.

అడుగుతాలే.

మోజెస్


బెంటన్‌విల్
మార్చి 20, 2011

మోజెస్,

నేను ఎవరితోనూ అనలేదు. అనను కూడా. ఎప్పుడు చెప్పాలో, చెప్పాలో వద్దో నీ ఇష్టం.

సంబంధం సంగతి నాకు తెలియదు. క్యాలెండరు పంపినవాడివి నువ్వు, కట్టినదాన్ని నేను. ఆమెకు ఆ కంపెనీ వైపు తెలిసినవాళ్ళం మనమిద్దరమే.

అక్క


నోవై
ఏప్రిల్ 17, 2011

అక్కా,

అడిగాను. జర్మనీ నుంచి రిప్లై రావాలి. వాళ్ళు ప్రతిదీ పద్ధతి ప్రకారం చేస్తారు కదా, టైమ్ పడుతుంది. ఆవిడని కంగారు పడవద్దని చెప్పు.

గుడ్ ఫ్రైడేకి, సిలువ మీద ప్రభువు పలికిన ఏడు మాటల్లో మూడోదాని మీద మాట్లాడమని నాకిచ్చారు. ప్రిపేర్ అవుతున్నాను. ఫెబీ బీరకాయ గింజలు అడుగుతోంది. పోయిన ఏడు నువ్వు పంపినవి బాగా కాశాయి.

మోజెస్


బెంటన్‌విల్
మే 8, 2011

మోజెస్,

నువ్వు అడిగావని హన్నాకు చెప్పాను. నా రెండు చేతులూ పట్టుకుంది. ఇప్పుడు రోజూ పదకొండింటికి, పోస్టు వచ్చే వేళకు స్వెటర్ వేయమంటుంది. తలుపువైపు కూర్చుంటుంది.

"మీ తమ్ముడు?" అంటుంది.

"ఇంకా లేదమ్మా."

"మంచిది. వెతుకుతున్నారన్నమాట" అంటుంది.

గింజలు ఇందులో పెట్టాను. నానబెట్టి నాటమను.

అక్క


నోవై
జూన్ 5, 2011

అక్కా,

గింజలు మొలిచాయి. చిన్నదానికి స్విమ్మింగ్‌లో సర్టిఫికెట్ వచ్చింది. పెద్దవాడు నాతో తెలుగులో మాట్లాడటం మొదలుపెట్టాడు, కానీ అన్నిటికీ "నాకు వద్దు" ఒక్కటే. సెప్టెంబరు స్పీచ్‌కి డ్రాఫ్ట్ రాశాను, డేవ్‌కి నచ్చింది. గ్రీన్ కార్డ్ పేపర్లు హెచ్.ఆర్. దగ్గరున్నాయి, ప్రార్థన చెయ్యి. ఇక్కడ ఎండలు బాగున్నాయి. గరాజ్‌కి రంగు వేయించాం.

ఆ రిప్లై ఇంకా రాలేదు.

మోజెస్


బెంటన్‌విల్
జూన్ 19, 2011

మోజెస్,

నీకు ఎనిమిదేళ్ళప్పుడు జ్ఞానప్రసూన పిన్నికి జ్వరమని తెలిసి, చూసి రమ్మని నాన్నగారు నిన్ను పంపారు. వాళ్ళ ఇంటికి మోకాటి లోతు పంటకాలువ దాటి వెళ్ళాలి. నువ్వు గంటకు వచ్చి, "చూశాను నాన్నా, బాగానే ఉంది" అన్నావు. నాన్నగారు నమ్మారు. నేను నీ కాళ్ళు చూశాను. తడిగా లేవు. నిక్కరు అంచు కూడా పొడిగానే ఉంది.

నాన్నగారికి చెప్పలేదు. నేనే వెళ్ళి చూసి వచ్చాను.

నీ ఏప్రిల్ ఉత్తరం మళ్ళీ చదివాను. ఎవరిని అడిగావో లేదు. ఎప్పుడు అడిగావో లేదు.

ఈసారి ఆ కాలువ నేను దాటలేను.

అక్క


నోవై
జూలై 4, 2011

అక్కా,

అడగలేదు.

నాలుగు నెలలుగా అడగలేదు. ఈమెయిల్ టైప్ చేసి ఉంచాను, రోజూ చూస్తాను, క్లోజ్ చేస్తాను. నీకు రాసేటప్పుడు రేపు ఎలాగూ పంపుతాను కదా అనుకుని "అడిగాను" అని రాశాను. ఆ రేపు రాలేదు.

భయం అక్కా. గ్రీన్ కార్డ్ ఫైల్ వాళ్ళ చేతిలో ఉంది. వందేళ్ళ పండగ అని ఆఫీస్ అంతా బ్యానర్లు కట్టారు. ఆ పండగలో మాట్లాడవలసినవాడు వెళ్ళి, యుద్ధంలో మీరు బలవంతంగా పని చేయించిన ఆడపిల్ల ఏమైందో చెప్పండి అంటే ఏమనుకుంటారు? వీడెందుకు తవ్వుతున్నాడు అనుకోరా? మళ్ళీ ఆ ఎనిమిది నెలలు నేను తట్టుకోలేను. ఫెబీ అసలే తట్టుకోలేదు.

ఇంకోటి. అడిగితే, చనిపోయింది అని వస్తే? అప్పుడు ఆ మాట నువ్వు ఆవిడకి చెప్పాలి. తెలియకపోవడమే మేలేమో అని కూడా నాకు నేను చెప్పుకున్నాను. అది సాకు అని తెలుసు.

నిజం తెలిసింది కాబట్టి తిట్టు. నువ్వు తిట్టవు. అదే కష్టం.

మోజెస్


బెంటన్‌విల్
జూలై 10, 2011

నాయనా,

నీ భయం చిన్నది కాదు. నేను దాన్ని తక్కువ చేయను. ఫెబీనీ పిల్లలనూ చూసుకోవలసినవాడివి. అడగవద్దనుకుంటే అలాగే రాయి, ఆమెకు నేను చెప్పుకుంటాను.

ఒక్క సంగతి. నువ్వు అడిగావని ఆమెతో నేను చెప్పాను. అది ఇప్పుడు నా నోటితో వచ్చిన అబద్ధం. నిన్న ఆమెతో నిజం చెప్పాను.

"మా తమ్ముడు ఇంకా అడగలేదమ్మా. భయపడ్డాడు."

ఆమె "ఆ కంపెనీలో మేమూ భయపడేవాళ్ళమే" అంది. కోపంతో కాదు. నీ మీద జాలితోనే అన్నట్టుంది.

తెలియకపోవడం మేలా అని కూడా అడిగాను. "చచ్చిపోయిందని నాకు అరవై ఆరేళ్ళుగా తెలుసు. ఇంతకన్నా చెడ్డ కబురు ఏమొస్తుంది?" అంది.

స్వెటర్ మాత్రం ఇవాళ వేయమనలేదు.

అక్క


నోవై
ఆగస్టు 14, 2011

అక్కా,

ముందు ఇది చదువు: ఒలెనా చనిపోలేదు. అంటే ఆ రోజు చనిపోలేదు.

ఇప్పుడు వరసగా చెబుతాను. నీ ఉత్తరం వచ్చిన గురువారం లంచ్‌కి ముందు డేవ్ రూమ్‌కి వెళ్ళాను. కూర్చోకుండానే మొత్తం చెప్పేశాను. క్యాలెండరు, హన్నాగారు, అన్నీ. అతను విని, "ఫిబ్రవరి నుంచి ఇది మోస్తున్నావా? నీకు భోజనం ఎలా దిగింది?" అన్నాడు. జర్మనీలో కంపెనీకి పాత రికార్డులు దాచే ఆర్కైవ్ ఉందట, అతనే ఈమెయిల్‌లో నన్ను వాళ్ళతో కలిపాడు. ఆ ఆర్కైవ్ చూసే ఆవిడ తొమ్మిది రోజుల్లో రిప్లై ఇచ్చింది. పద్ధతి ప్రకారం టైమ్ పడుతుంది అని నేను వాళ్ళ మీద పెట్టిన అబద్ధం గుర్తొచ్చి సిగ్గేసింది.

ఇంకా సిగ్గుపడే సంగతి ఉంది. వాళ్ళు దాచలేదట. పదిహేనేళ్ళ కిందే చరిత్రకారులను పిలిచి పాత కాగితాలన్నీ ఇచ్చి పుస్తకం వేయించారు. ఆ గడియారం గేటు పక్కన, బలవంతాన పనిచేసినవాళ్ళ పేర్లు చెక్కిన రాయి కూడా ఉంది. నాలుగు వేల పైచిలుకు పేర్లు. మొదటి యాభై ఏళ్ళు నోరెత్తలేదు, ఆ తర్వాత చెప్పారు అని ఆవిడే రాసింది, ఎక్కువా తక్కువా చేయకుండా. క్యాలెండరు ఇక్కడ అమెరికాలో అడ్వర్టైజింగ్ వాళ్ళు వేశారు. వాళ్ళకి కారు బొమ్మలు కావాలి, అంతే. నేనూ అలాగే చేశాను కదా. కమ్మరి కొడుకు ప్రార్థన దగ్గర మొదలుపెట్టి నా ఉద్యోగం దగ్గరకు దూకాను.

ఒలెనా కార్డు దొరికింది. చెయ్యి విరిగి ఆసుపత్రిలో మూడు వారాలు. తర్వాత వంటశాలలో పని. 1945 జూన్‌లో విడుదల, ఆమె సంతకం ఉంది. తర్వాత బెల్జియం వెళ్ళి పెళ్ళి చేసుకుంది. 1998లో పెన్షన్ కోసం, తను పనిచేసినట్టు సర్టిఫికెట్ ఇవ్వమని కంపెనీకి ఉత్తరం రాసింది. 2006లో పోయింది. మనవలు ఉన్నారు.

ఆ ఉత్తరం కాపీ ఇందులో పెట్టాను. ఒలెనా కూతురిని అడిగి పంపారు. ఉక్రెయిన్ భాషలోనే ఉంది, హన్నాగారు చదువుకోగలరు. చివర్లో ఏముందో ఆర్కైవ్ ఆవిడ నాకు చెప్పింది, నేను రాయను. హన్నాగారే చదవాలి.

పోయిన ఆదివారం చర్చిలో మళ్ళీ లేచాను. సాక్ష్యం చెప్పినవాళ్ళు తర్వాతి ఏడు ఇంకోటి చెబుతారు కానీ, చెప్పినదాన్ని సరిదిద్దినవాళ్ళు మన సంఘంలో ఇంతవరకు లేరనుకుంటా. "ఒక్క మచ్చ లేదు అన్నాను. తెలియక అన్నాను. తెలిశాక అయిదు నెలలు దాచాను" అన్నాను. బయట భోజనాల దగ్గర కారు కొన్న రాజ్ అంకుల్ వచ్చి, "కారు అమ్మేయాలా ఏమిటయ్యా ఇప్పుడు?" అన్నాడు. "వద్దంకుల్, బ్రేకులు నేనే టెస్ట్ చేశాను" అన్నాను. "అదే భయం" అన్నాడు. అందరూ నవ్వారు. అక్కా, ఏడాదిలో నేను అంత తేలిగ్గా నవ్వింది అప్పుడే.

సెప్టెంబరు స్పీచ్‌లో ఆ రాయి గురించీ ఆ కార్డు గురించీ చెబుతున్నాను. డేవ్ చదివి ఒక్క మాట కూడా కొట్టేయలేదు. గ్రీన్ కార్డ్ ఫైల్ ముందుకు కదిలిందని మొన్న హెచ్.ఆర్. వాళ్ళు చెప్పారు. భయపడినదానికీ జరిగినదానికీ పొంతన లేదు.

ఈసారి నా కాళ్ళు చూసుకో.

మోజెస్


బెంటన్‌విల్
సెప్టెంబరు 4, 2011

మోజెస్,

దేవునికి వందనాలు. నీకు కూడా.

ఉత్తరం వచ్చిన రోజు నాకు సెలవు. మర్నాడు ఉదయం హన్నా కొడుకును కూడా రమ్మని, అప్పుడు ఇచ్చాను. బతికిందన్న మాట నేను ముందే చెప్పాను. అది దాచి పెట్టే హక్కు నాకు లేదనిపించింది. హన్నా నాచేత మూడుసార్లు చెప్పించుకుంది. తర్వాత స్వెటర్ అడిగింది. వేసుకుని, భూతద్దం తీసుకుని, తనే చదువుకుంది.

ఆ అక్షరాలు నాకు రావు. ఆమె ముఖం చూస్తూ కూర్చున్నాను. చివరి పేజీ దగ్గర వేలు పెట్టి ఆగింది. కొడుకుకు చదివి వినిపించింది. అతను నాకు ఇంగ్లీషులో చెప్పాడు.

"నా పక్క మంచం మీద హన్నా అనే పిల్ల ఉండేది. ఆ రోజు ఆమెకు జ్వరం. నేను ఆసుపత్రి నుంచి వచ్చేసరికి ఆ గది ఖాళీ. తరలించిన చోట జ్వరంతో చనిపోయి ఉంటుందని అనుకుంటూ వచ్చాను. ఆమె బతికిందో లేదో మీ కాగితాల్లో ఉంటే దయచేసి రాయండి."

హన్నా నవ్వింది. నేను ఈ రెండేళ్ళలో ఆమె పళ్ళు చూడలేదు.

"ఇద్దరం ఇన్నేళ్ళూ ఒకరినొకరు చంపుకుంటూ కూర్చున్నాం" అంది.

నువ్వు అడిగినందుకు నీకు ఏమైనా పంపాలంది. ఏమీ వద్దన్నాను. అయితే ఆ పిల్లవాడికి చెప్పు, భయపడుతూ అడిగినా అడిగినట్టే లెక్క అంది. చెబుతున్నాను.

మోజెస్, నీ ఉత్తరం చివరి వాక్యం చదివి నేనూ నవ్వాను. చూశాను. మోకాళ్ళ దాకా తడిగా ఉన్నాయి.

మొన్న ఉదయం నేను వెళ్ళేసరికి హన్నా గోడ చూపించింది.

"తిప్పు" అంది.

క్యాలెండరు ఇటు తిప్పాను. ఇంకా జనవరిలోనే ఉంది, గేటు మీద గడియారంతో. ఆమె దాన్ని కొంతసేపు చూసింది.

"ఇది ఏ నెల?"

"సెప్టెంబరు అమ్మా."

"మరి పెట్టు."

ఎనిమిది పేజీలు ఒక్కొక్కటే వెనక్కి తిప్పాను. సెప్టెంబరు పేజీలో ఎర్ర కారు ఒకటి ఉంది. రంగు బాగుంది అంది. తర్వాత ట్రే దగ్గరకు లాక్కుని టిఫిన్ తిన్నది.

విమలక్క